చంటివాడి వేళకే అందరి ప్రయాణం

ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలు ముగ్గురో నలుగురో ఉంటే, వాళ్ళను తీసుకుని రామోజీ ఫిల్మ్‌సిటీకో వండర్‌లాకో వెళ్దామన్న మాట ఏదో ఒక పూట భోజనాల దగ్గర వచ్చి తీరుతుంది. మామ్మకు మనవల ముచ్చట తీరుతుంది, బాబాయికి ఫోటోలు దొరుకుతాయి, పిల్లలకు రంగులరాట్నం దొరుకుతుంది. తీరా వెళ్ళొచ్చాక చాలామంది తల్లులు చెప్పే మాట మాత్రం ఇది: "పిల్లలు ఏడుస్తూనే ఉన్నారండీ, నేనేం చూశానో నాకే గుర్తు లేదు." మీ ఇంట్లో ఆ మాట వినపడకూడదనే ఈ అధ్యాయం.

ఇందులో చెప్పేదంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది. మీ గుంపులో అందరికన్నా చిన్న బిడ్డ నిద్ర వేళనీ ఆకలి వేళనీ బట్టి రోజు వేసుకోండి. పార్కులో ఎన్ని రైడ్లు ఉన్నాయో, టిక్కెట్టుకు ఎంత పోశామో ఆ తర్వాతి సంగతి. చిన్నవాడు కుదురుగా ఉంటే కాస్త పెద్దపిల్లలు ఆడుకుంటారు, పెద్దవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. చిన్నవాడు పేచీ మొదలుపెడితే పదిమందీ అక్కడే ఆగిపోతారు.

అసలు ఇలాంటి పార్కుల ఆలోచన పుట్టింది కూడా ఒక తండ్రి బుర్రలోనే. వాల్ట్ డిస్నీ లాస్‌ఏంజిలిస్‌లోని గ్రిఫిత్ పార్కులో తన ఆడపిల్లలిద్దరినీ రంగులరాట్నం ఎక్కించి, తాను బెంచీ మీద కూర్చుని చూస్తుండేవాడట. తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి సరదాపడే చోటు ఒకటుండాలని అప్పుడే అనిపించిందని ఆయనే చెప్పుకున్నాడు. 1955 జూలై 17న తెరిచిన డిస్నీలాండ్ ఆ ఆలోచనలోంచి వచ్చిందే. కలిసి సరదాపడడం కోసమే అక్కడికి వెళ్తున్నామన్న సంగతి మరిచిపోకుండా ఉంటే, మీ ప్రణాళిక సగం కుదిరినట్టే.

మొదటి మెట్టు: పార్కును బిడ్డ ఎత్తులోంచి చూడండి

గోడకు ఆనించి నిలబెట్టి పిల్లల ఎత్తు కొలవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం రెండేళ్ళ బిడ్డ సగటు ఎత్తు 86, 87 సెంటీమీటర్లు. నాలుగేళ్ళకు 103 దాకా వస్తుంది. పెద్ద రోలర్ కోస్టర్లకు 120 సెంటీమీటర్ల పైన ఎత్తు అడగడం మామూలు. అంటే మీరు టీవీ ప్రకటనలో చూసిన తలకిందుల రైడ్లలో ఒక్కటీ మీ పిల్లలకు పనికిరాదు. ఈ సంగతి గేటు దగ్గర కాకుండా ఇంటి దగ్గరే తెలిస్తే నిరాశ ఉండదు. హైదరాబాదు వండర్‌లాలో పిల్లల టిక్కెట్టు వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి ఉంటుంది. 85 సెంటీమీటర్ల లోపు బిడ్డకు ప్రవేశం ఉచితం. కొలత ముందే చూసుకుంటే డబ్బు లెక్క కూడా తేలుతుంది.

రావిర్యాలలో 2016లో మొదలైన వండర్‌లాలో బలమంతా రైడ్లదీ నీళ్ళదీ. పన్నెండేళ్ళ పిల్లలున్న ఇంటికి అది పండగ. మూడేళ్ళలోపు పిల్లలే ఎక్కువగా ఉన్న గుంపుకు పసిపిల్లల రైడ్లు, లోతులేని నీళ్ళ కొలను మిగులుతాయి. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్‌సిటీ అలా కాదు. 1,666 ఎకరాలతో ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన చోటు అది. తోటలు, పక్షులు, సీతాకోకచిలుకలు, ఎర్ర బస్సు ప్రయాణం ఉన్నాయి కాబట్టి ఒళ్ళో బిడ్డతో కూడా చూసేందుకు చాలా దొరుకుతుంది. చంటిపిల్లలతో మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నా సలహా ఫిల్మ్‌సిటీయే.

అక్కడా అన్నీ చూడాలని పెట్టుకోకండి. పిల్లల కోసమే కట్టిన ఫండుస్థాన్, పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట: ఈ మూడూ మీ పిల్లలవి. బాహుబలి సెట్టు పెద్దవాళ్ళది. రెండేళ్ళవాడికి మాహిష్మతి గోడకీ మామూలు గోడకీ తేడా తెలియదు. బోరాసుర అనే చీకటి మాంత్రికుడి గుహలోకి నాలుగేళ్ళవాడు హుషారుగా వెళ్ళినా, ఆ రాత్రి నిద్రలో ఉలిక్కిపడతాడు. వైల్డ్ వెస్ట్ స్టంట్ షోలో తుపాకుల మోతలుంటాయి. చూడాలనుంటే చంటిబిడ్డను ఒకరు బయట ఎత్తుకుని ఉండండి, మిగతావాళ్ళు దారి పక్కన చివరి వరసలో కూర్చోండి.

రోజుకు మూడు తప్పనిసరి, రెండు వీలైతే. కాగితం మీద ఇంతకు మించి రాసుకోకండి.

రెండో మెట్టు: ముందు మన తీర్థంలో తర్ఫీదు

హైదరాబాదు వెళ్ళి పరీక్షించుకోవాల్సిన పని లేదు. రంగులరాట్నం, జనం, మైకులు, దుమ్ము, బూరలు, జీళ్ళ కొట్లు అన్నీ మన గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘమాసంలో అంతర్వేది తీర్థం, ఊరూరా వచ్చే ఎగ్జిబిషన్లు. మీ ఊరికి దగ్గరలో ఏది ఉంటే దానికి, జనం పలచగా ఉండే వేళ చూసి, ఒక పూట పిల్లలందరినీ తీసుకెళ్ళండి. తీర్థం లేని నెలల్లో కడియం నర్సరీలు ఉన్నాయి. నడవడానికి, ఎండలో ఆగడానికి, బయట తినడానికి పిల్లలు ఎంతవరకు ఓర్చుకుంటారో అక్కడా తెలుస్తుంది.

ఆ పూట నాలుగు సంగతులు గమనించండి. ఏ బిడ్డ మైకు మోతకు బెదురుతున్నాడు? ఎవరు ఎంతసేపు నడిచి ఎత్తుకోమంటున్నారు? వరసలో నిలబడాల్సివస్తే ఎన్ని నిమిషాలకు గునుపు మొదలైంది? ఇల్లు కాని చోట, ఎవరి భుజం మీద ఎవరు నిద్రపోతున్నారు? ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. అమ్మ దగ్గర తప్ప పడుకోని పిల్ల తాతయ్య భుజం మీద చటుక్కున పడుకుందంటే, పార్కులో ఆ తల్లికి రెండు గంటలు మిగిలినట్టే.

మూడో మెట్టు: రోజు ఎంచుకోవడం

ఐదేళ్ళలోపు పిల్లలున్నవాళ్ళకు ఒక గొప్ప వెసులుబాటు ఉంది. వాళ్ళకు పరీక్షలు లేవు. ఎల్‌కేజీ నాలుగు రోజులు మానితే కొంప మునగదు. కాబట్టి ఊరంతా వెళ్ళే సెలవుల్లో మీరు వెళ్ళనక్కర్లేదు. పెద్దవాళ్ళ సెలవు కుదుర్చుకుని, మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి ఎంచుకోండి. జనం సగం తగ్గితే మీ కష్టం సగం తగ్గుతుంది.

వేసవి వద్దు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయన్నది మనవాళ్ళే. ఎండలు గోదావరి జిల్లాల్లో ఎంతో హైదరాబాదులోనూ అంతే. పైగా అక్కడ రాతినేల కాలుతుంది. దసరా, క్రిస్మస్, కొత్త సంవత్సరం సెలవుల్లో వరసలు పెరుగుతాయి. సంక్రాంతి సంగతి మనకు తెలిసిందే: హైదరాబాదులో ఉన్న గోదావరి జిల్లాలవాళ్ళంతా ఇళ్ళకు దిగుతారు. భోగికి ముందు అటు వెళ్ళే బండ్లలో చోటు దొరుకుతుంది గానీ, మీరు తిరిగి రావాల్సిన బండ్లు కిటకిటలాడుతుంటాయి. కనుమ దాటాక అదే రద్దీ అటు మళ్ళుతుంది. ఆ పది పన్నెండు రోజులూ వదిలేయండి.

నవంబరు, డిసెంబరు మొదటి సగం, జనవరి చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఫిల్మ్‌సిటీకి మంచి కాలం. ఒక్క జాగ్రత్త. డెల్టా పిల్లలకు హైదరాబాదు చలి అలవాటుండదు. డిసెంబరు తెల్లవారుజామున సికింద్రాబాదులో దిగేటప్పటికి చెవులు కప్పే టోపీ, స్వెట్టరు చేతికందేలా ఉండాలి. పెట్టె అడుగున కాదు. నీళ్ళ పార్కు మీద మనసుంటే ఆ చలి నెలలు కాకుండా ఫిబ్రవరి చివర చూసుకోండి.

నాలుగో మెట్టు: దారి

రైలైతే రాత్రి రైలు. పిల్లలు నిద్రలో ఉండగా దూరం తరిగిపోతుంది. కాకినాడ నుంచి వచ్చే గౌతమి, విశాఖ నుంచి వచ్చే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లు మన జిల్లాలకు తరతరాల అలవాటు. 1974 ఫిబ్రవరి 1న మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు 2024లో యాభై ఏళ్ళు నిండాయి. 2023 జనవరి 15న మొదలైన వందేభారత్ వేగంగానే వెళ్తుంది గానీ అది పగటి బండి, కూర్చునే సీట్లే. కుదురులేని రెండేళ్ళవాళ్ళు ఇద్దరున్నప్పుడు పగలంతా సీట్లో కూర్చోబెట్టడం పెద్దలకు శిక్ష.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. ఆ తేదీ క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఐదేళ్ళలోపు బిడ్డకు విడిగా బెర్తు అడగకపోతే టిక్కెట్టు లేదు. ఐదు నిండి పన్నెండు లోపు పిల్లలకు బెర్తు లేకుండా సగం, బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ. ఇక్కడ పొదుపుకు పోకండి. ఇద్దరు చంటిపిల్లలున్న తల్లికి ఒక్క బెర్తు చాలదు. మూడేళ్ళవాడి పేరు మీద పూర్తి ఛార్జీ పెట్టి బెర్తు కొనుక్కోవడం దుబారా కాదు. పార్కు రోజుకు అదే పెట్టుబడి. కింది బెర్తులు పిల్లలున్నవాళ్ళకు ఉండాలి. బిడ్డ గోడవైపు, పెద్దవాళ్ళు నడవవైపు పడుకోవాలి. బెర్తుల మధ్య చీరతో ఉయ్యాల కట్టే అలవాటు మనవాళ్ళలో కొందరికి ఉంది. బండి కుదుపుకు ముడి జారితే బిడ్డ కిందపడుతుంది. ఆ పని చేయకండి. దారిలో ఏ సాయం కావాలన్నా రైల్వే నంబరు 139.

కారులోనో వ్యానులోనో వెళ్ళేవాళ్ళకు ఒక సుఖముంది. విజయవాడ మీదుగా సూర్యాపేట, చౌటుప్పల్ దాటి వెళ్తే హైదరాబాదు నగరంలోకి అడుగు పెట్టకముందే ఫిల్మ్‌సిటీ వచ్చేస్తుంది. బస కూడా అబ్దుల్లాపూర్‌మెట్, హయత్‌నగర్ వైపు చూసుకుంటే ఊళ్ళో ట్రాఫిక్కు అక్కర్లేదు. వండర్‌లాకైతే పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ రింగురోడ్డు ఎక్కి రావిర్యాలలో దిగొచ్చు. 400 కిలోమీటర్ల పైచిలుకు దూరం కాబట్టి రెండు గంటలకొకసారి బండి ఆపాలి. పిల్లలను దింపి పదినిమిషాలు నడిపించాలి. వాంతులయ్యే పిల్లలకు బయల్దేరే ముందు పాలు పట్టొద్దు, రెండు ఇడ్లీలు చాలు. ఒళ్ళో బిడ్డతో ముందు సీట్లో కూర్చోకండి. పిల్లల సీటు కొనగలిగితే ఈ ప్రయాణానికే కొనండి, తర్వాత కూడా పనికొస్తుంది.

మధురపూడి నుంచి విమానమైతే గంట ప్రయాణం. పైకి లేచేటప్పుడూ దిగేటప్పుడూ చంటిబిడ్డకు పాలు పడితే చెవినొప్పి తగ్గుతుంది.

రైలైనా కారైనా చేరిన రోజే పార్కుకు వెళ్ళకండి. ఆ రోజు స్నానం, భోజనం, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం దగ్గర్లో ఏదైనా తోట. పార్కు మర్నాడు. మూడో రోజు తిరుగు ప్రయాణం. పార్కు ఒక్క రోజే, దానికి ముందో విశ్రాంతి రోజు: ఇలా వేసుకున్న కుటుంబాలే నవ్వుతూ ఇల్లు చేరుతాయి.

ఐదో మెట్టు: ఒక బిడ్డకు ఒక పెద్ద

ఎనిమిదిమంది పెద్దలు వెళ్తున్నాం, నలుగురు పిల్లలే కదా అని ధీమాగా ఉంటారు. ప్రమాదం అక్కడే ఉంది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. అమ్మ దగ్గర ఉన్నాడని పిన్ని, పిన్ని చూస్తోందని అత్త, అత్త వెనక వస్తున్నాడని తాతయ్య అనుకుంటారు. బిడ్డ ఎవరి దగ్గరా ఉండడు.

బయల్దేరక ముందే ఒక్కో బిడ్డకు ఒక్కో పెద్దను పేరు పెట్టి అప్పగించండి. పొద్దుట ఎవరు, మధ్యాహ్నం ఎవరు అన్నది కూడా తేల్చండి. బిడ్డను మార్చుకునేటప్పుడు నోటితో చెప్పాలి. "పిన్నీ, బుజ్జిగాడిని నీకు అప్పగిస్తున్నా." "సరే అక్కా, నా దగ్గరే ఉన్నాడు." ఆ రెండో మాట వినపడిన తర్వాతే మొదటివాళ్ళు చెయ్యి వదలాలి. ఫోను తీసినా, టిక్కెట్టు కౌంటరు దగ్గరకు వెళ్ళినా, బాత్రూముకు వెళ్ళినా ఇదే పద్ధతి. రెండుసార్లు చేస్తే అలవాటైపోతుంది. నీళ్ళ దగ్గర ఇంకా గట్టిగా పాటించాలి. మోకాలు లోతు నీళ్ళలో కూడా చంటిబిడ్డ చప్పుడు లేకుండా మునిగిపోతుంది. అక్కడ బిడ్డకూ పెద్దకూ మధ్య దూరం చెయ్యి చాచినంత.

మోకాళ్ళ నొప్పులున్న మామ్మకు పరుగెత్తే మూడేళ్ళవాడిని అప్పగించకండి. ఆవిడకు ఒళ్ళో పడుకునే బిడ్డనో, కూర్చుని అన్నం పెట్టే పనినో ఇవ్వండి. పరుగులవాడు బాబాయికి. వయసునూ ఓపికనూ బట్టి పంచితే ఎవరూ నొచ్చుకోరు, ఎవరూ నలిగిపోరు.

డిస్నీ పార్కుల్లో ఒక మంచి పద్ధతి ఉంది. చిన్నబిడ్డను ఎక్కనివ్వని రైడ్ దగ్గర ఒకరు బిడ్డతో బయట ఆగుతారు, మిగతావాళ్ళు ఎక్కి వస్తారు. తర్వాత ఆగినవాళ్ళు మళ్ళీ మొత్తం వరసలో నిలబడకుండా ఎక్కుతారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఆర్లండో వెళ్ళినప్పుడు దీన్ని బాగా వాడుకుంటారు. మన పార్కుల్లో వరసలో ఆ సౌకర్యం ఉన్నా లేకపోయినా, ఇంట్లోవాళ్ళ మధ్య వంతులు పెట్టుకోవచ్చు. ఒక జంట ఎక్కి వచ్చేదాకా ఇంకో జంట పిల్లలతో, ఆ తర్వాత తారుమారు. సరదా అందరికీ వస్తుంది.

ఆరో మెట్టు: సంచి

పెట్టెలు ఎన్నైనా హోటల్లో పెట్టుకోండి. పార్కులోకి ఇద్దరు పిల్లలకొక భుజం సంచి చాలు. అందులో ఏముండాలో, ఏ వరసలో ఉండాలో చూడండి.

పైన: తడి తుడుపు కాగితాలు, చిన్న తువ్వాలు, ఒక్కో బిడ్డకు ఒక జత బట్టలు విడివిడి కవర్లలో. కవరు తీస్తే చొక్కా, నిక్కరు, డైపరు ఒకేసారి చేతికి రావాలి. మాసినవి అదే కవర్లో పడేస్తారు.

మధ్యలో: వేణ్నీళ్ళ ఫ్లాస్కు, కాచి చల్లార్చిన నీళ్ళ సీసా, చెంచా, గిన్నె. తిండిలో ఉగ్గు పొడి లేదా రాగిజావ పొడి, చక్కెరకేళి అరటిపళ్ళు, మరమరాలు. కాజాలు, పూతరేకులు బంధువులకు పట్టుకెళ్ళండి గానీ పార్కులోకి వద్దు. చేతులు జిగురవుతాయి, దాహం పెరుగుతుంది. బయటి తిండిని చాలా పార్కులు లోపలికి రానివ్వవు. పసిపిల్లల ఆహారం ఏమేం తెచ్చుకోవచ్చో ముందు రోజు ఫోను చేసి అడగండి. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కర్లేదు, ఎండగా ఉన్నా సరే. తల్లి నీళ్ళు బాగా తాగితే చాలు.

అడుగున: జ్వరం మందు, బిడ్డ బరువును బట్టి మీ పిల్లల డాక్టరు రాసిచ్చిన మోతాదు కాగితంతో. ఓఆర్‌ఎస్ పొట్లాలు. పెద్ద పొట్లం లీటరు నీళ్ళకు కలపాలి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలను ఓఆర్‌ఎస్ అనుకుని కొనకండి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడిన మీదట, అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొట్లమే అడగండి.

వీటితోపాటు ఒక పాత నూలు చీర. బాగా ఉతికి మెత్తబడినది, రెండు మడతలు వేస్తే చేతిసంచిలో పట్టేది. తోటలో నీడన పరిస్తే పిల్లలకు పక్క. భుజం మీదుగా కప్పుకుంటే పాలిచ్చే తల్లికి మరుగు. స్ట్రోలరు ముందు వేలాడేస్తే ఎండకు తెర, గాలి ఆడేలా పక్కలు వదిలేయాలి. చలివేస్తే నాలుగు మడతల దుప్పటి. పైగా ఇంటి వాసన ఉంటుంది కాబట్టి కొత్త చోట కూడా బిడ్డ దాని మీద తొందరగా నిద్రపోతుంది. కొత్త సామాను ఎంత కొన్నా ఈ చీర చేసే పని చేయదు.

ఏడో మెట్టు: ఆ రోజు

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ళ బిడ్డకు రోజుకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. మూడు నాలుగేళ్ళవాళ్ళకు 10 నుంచి 13. పార్కుకు వెళ్ళిన రోజు ఈ అవసరం తగ్గదు, అలసట వల్ల ఇంకా పెరుగుతుంది. కాబట్టి రోజును రెండు ముక్కలు చేయండి. మధ్యలో నిద్ర.

ఉదయం గేటు తెరిచే వేళకు అక్కడ ఉండండి. పిల్లలు కడుపునిండా తిని ఉండాలి. ఫిల్మ్‌సిటీలో గేటు దగ్గర నుంచి లోపలికి బస్సులో వెళ్ళాలి కాబట్టి మరిచిపోయిన వస్తువు కోసం వెనక్కి రావడం కుదరదు. దిగగానే సంచి ఒకసారి చూసుకోండి. ఫండుస్థాన్ మొదట. పిల్లలు హుషారుగా ఉన్న ఆ రెండు గంటలూ వాళ్ళకే. ఒకే రైడ్ మళ్ళీ మళ్ళీ కావాలంటే ఎక్కించండి. ఇంకా చూడాల్సినవి ఉన్నాయని లాక్కెళ్ళకండి. మూడేళ్ళవాడికి సంతోషమంటే తెలిసినదాన్ని మళ్ళీ చేయడమే.

పదకొండున్నరకల్లా భోజనం. అందరికీ ఆకలేసేదాకా ఆగితే హోటళ్ళ దగ్గర వరస పెరుగుతుంది, పిల్లల ఓపిక తరుగుతుంది. పెరుగన్నం, పప్పన్నం లాంటి తెలిసిన తిండే పెట్టండి. కొత్త రుచులు పెద్దలు చూసుకోవచ్చు. తర్వాత నీడ చూసి చీర పరిచి, గంటన్నర నిద్ర. పార్కు లోపలే ఉన్న సితార, తార హోటళ్ళలో బస చేసినవాళ్ళు గదికి వెళ్ళి పడుకోబెట్టొచ్చు, ఖర్చు ఎక్కువైనా చంటిపిల్లలు నలుగురున్న కుటుంబానికి అది ఆలోచించదగ్గదే. పడుకోని నాలుగేళ్ళవాడికి ఈ వేళలో ఏసీ బస్సు గానీ నీడపట్టున షో గానీ సరిపోతుంది.

నిద్ర లేచాక పక్షులు, సీతాకోకచిలుకలు. తొందర లేదు. పిల్లలు ఆగిన చోట ఆగండి. ఐదింటికి బయటపడండి. రాత్రి దీపాలు, ముగింపు ఊరేగింపు బాగుంటాయి గానీ ఈ వయసులో ఆ రెండు గంటలే మొత్తం రోజును పాడుచేస్తాయి.

అప్పుడే గుంపులో ఎవరో ఒకరంటారు, "ఇంత డబ్బు పోసి టిక్కెట్టు కొన్నాం కదండీ, సగం కూడా చూడలేదు." వాళ్ళకు నెమ్మదిగా చెప్పండి. టిక్కెట్టు డబ్బు పొద్దుటే ఖర్చయిపోయింది. ఇప్పుడు చేతిలో మిగిలింది పిల్లల ఓపిక ఒక్కటే. దాన్ని అడుగంటా ఖర్చుపెడితే రాత్రంతా అందరూ కట్టాలి.

ఎనిమిదో మెట్టు: పేచీ, తప్పిపోవడం

పేచీ ఊరికే రాదు. ముందు కళ్ళు నులుముకుంటాడు, చెవి లాక్కుంటాడు, నచ్చిన బొమ్మనే విసిరేస్తాడు. ఈ గుర్తులు కనపడగానే నీడకు తీసుకెళ్ళి నీళ్ళు, తిండి, ఒడి. ఏడుపు మొదలయ్యాక బుజ్జగింపులు పనిచేయవు, నలుగురూ నాలుగు మాటలంటే ఇంకా పెరుగుతుంది. ఒక్కరే ఎత్తుకుని, మాట తక్కువగా, జనానికి దూరంగా నడవండి. మిగతావాళ్ళు చుట్టూ మూగకండి. తల్లి పెంపకం మీద వ్యాఖ్యలు అసలు వద్దు.

బయటికొచ్చే దారిలో బొమ్మల కొట్లుంటాయి. కొనేది ఒక్కొక్కరికి ఒక్కటేనని ఇంటి దగ్గరే చెప్పండి. అన్నదమ్ముల పిల్లలు కలిసి ఉన్నప్పుడు అందరికీ ఒకే రకం కొనండి.

తప్పిపోవడం గురించి: పొద్దుట బయల్దేరేటప్పుడు పిల్లలందరికీ ఒకే గట్టి రంగు చొక్కాలు వేసి ఫోటో తీయండి. ఏం వేసుకున్నాడని అడిగితే కంగారులో ఎవరికీ గుర్తురాదు. రెండు ఫోను నంబర్లు రాసిన చీటీ చొక్కా లోపలివైపు కుట్టండి లేదా చేతికి కట్టండి. పేరు బయటికి కనపడేలా రాయకండి. పేరు పెట్టి పిలిచిన కొత్తవాళ్ళను పిల్లలు తెలిసినవాళ్ళే అనుకుంటారు. మూడేళ్ళు దాటిన పిల్లలకు ఒక్కటి నేర్పండి: "అమ్మ కనపడకపోతే అక్కడే నిలబడాలి, కదలకూడదు." దీన్ని ఇంట్లో ఆటలా వారంపాటు ఆడించండి. బిడ్డ కనపడకపోతే మొహమాటపడకుండా దగ్గర్లో ఉన్న సిబ్బందికి వెంటనే చెప్పండి. మీరే వెతుక్కుంటూ విలువైన నిమిషాలు పోగొట్టుకోకండి. పార్కు బయటైతే 112, పిల్లల సాయానికి 1098.

తొమ్మిదో మెట్టు: తల్లి వాటా

ఈ ప్రణాళికలో తల్లికి విడిగా వాటా రాసిపెట్టాలి. పిల్లలు మధ్యాహ్నం నిద్రపోయే వేళ ఆవిడ బట్టలు సర్దుతూ సీసాలు కడుగుతూ కూర్చుంటే, ఊరు మారిందే తప్ప పని మారలేదు. ఆ గంటన్నరలో ఆవిడకు నచ్చింది చూసిరమ్మని పంపాలి. తోడుగా ఆడపడుచో చెల్లెలో వెళ్ళాలి. పిల్లల దగ్గర తండ్రి ఉండాలి. బాలింతలకూ, కడుపుతో ఉన్నవాళ్ళకూ ఇది ఇంకా అవసరం. ఇంటి పెద్దవాళ్ళు, ముఖ్యంగా అత్తగారు, ఈ మాట తామే ముందు అంటే ఆ కోడలు ఈ ప్రయాణాన్ని ఏళ్ళ తరబడి తలచుకుంటుంది. రెండేళ్ళవాడికి పెద్దయ్యాక ఈ పార్కు గుర్తుండదు. తల్లికి గుర్తుంటుంది. రేపు వాడికి ఆ కథ చెప్పేది ఆవిడే. కాబట్టి ఆవిడకు బాగా గడవాలి.

ఈ అధ్యాయం మూసే ముందు చేయాల్సినవి

ఒక కాగితం తీసుకుని ఇంట్లో అందరూ ఉన్నప్పుడు ఇవి రాయండి.

1. ఒక్కో బిడ్డ వయసు, ఎత్తు, పగటి నిద్ర వేళ.
2. అందరికన్నా చిన్న బిడ్డ నిద్ర వేళ చుట్టూ పెద్ద గీత. ఆ వేళలో ఏ కార్యక్రమమూ పెట్టకూడదు.
3. మూడు తప్పనిసరి, రెండు వీలైతే.
4. ఒక్కో బిడ్డ పేరు ఎదురుగా, పొద్దుట పెద్ద ఎవరు, మధ్యాహ్నం పెద్ద ఎవరు.
5. తల్లి గంటన్నర ఎప్పుడు, ఆ వేళ పిల్లల దగ్గర ఎవరు.
6. రిజర్వేషన్ తెరిచే తేదీ, తర్ఫీదుకు వెళ్ళే తీర్థం తేదీ.

నాలుగో, ఐదో గడులు ఖాళీగా ఉంటే టిక్కెట్లు కొనకండి. ఆ రెండూ నిండాయంటే, బండి ఏదైనా, పార్కు ఏదైనా, మీ పిల్లలతో ధైర్యంగా బయల్దేరండి.